కేతోజు బిగించిన తలుపు

గంధకగిరి మీద పక్షి వాలదు, గడ్డి మొలవదు. వాన కురిస్తే చినుకు నేల తాకకముందే ఆవిరై వచ్చిన దారినే పోతుంది. కొండ నిండా పసుపు పూసిన గడపల్లా మెరిసే బండలు, ఆ బండల నెర్రెల్లోంచి నాలుకలు చాచే నీలిమంటలు, వాటి మీదుగా ముక్కు బద్దలయ్యే కంపు. శిఖరాన కరాళమౌళి అనే మాంత్రికుడి కోట. దాని బురుజులు నల్లరాతివి, కలశాలు రాగివి, గవాక్షాలకు తెరలుగా వేలాడేవి పాము కుబుసాలు. సూర్యుడు కూడా ఆ కోట మీదికి వచ్చేసరికి కాస్త అడుగు వేగం పెంచుతాడని కొండకింద పల్లెల వాళ్లు చెప్పుకుంటారు.

అటువంటి కొండను మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎక్కుతున్నాడు కేతోజు. ఒళ్లంతా బూడిద, చేతిలో నాగస్వరం, నెత్తిన పాములబుట్ట, భుజాన రెండు వెదుళ్లు. బుట్టలో పాము మాత్రం లేదు. సుత్తి, ఉలి, పట్టకారు, ఆముదం బుడ్డి ఉన్నాయి. వేషం బాగానే కుదిరింది గాని, మొహంలో ఉన్న దిగులును ఏ బూడిదా కప్పలేకపోయింది.

కేతోజు మణిశిల రాజ్యంలో మరలు చేసే ఓజు. ఏతాలు, గానుగలు, రథచక్రాలు, పిల్లలకు కీలుబొమ్మలు చేసుకుని బతికేవాడు. పని గట్టిది, మాట మెత్తనిది, మీసం పలచన. కాని రాజ్యమంతా ఎరిగిన కేతోజు ఇతను కాదు. ఆ కేతోజును పుట్టించింది ఇతని భార్య మైలమ. ఆమె పటాల మీద రంగుల బొమ్మలు గీసి, సంతల్లో విప్పి కథలు చెప్పేది. కథలన్నిటికీ నాయకుడు మొగుడే.

ఒక బొమ్మలో కేతోజు తూర్పారబట్టే మర చేశాడు. అది విసిరిన విసురుకు ఊకంతా పొరుగు రాజ్యంలో పడి, అక్కడి గేదెలు ఆ ఏడాది మేతకు గడప దాటలేదు. ఇంకో బొమ్మలో అతని కొయ్యకోడి తొందరపడి కూసింది. సూర్యుడు తలపాగా అయినా చుట్టుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. మరో దానిలో మర అత్తగారు. అత్తలేని ఇళ్లవాళ్లు ముచ్చటపడి పట్టుకుపోయారు గాని, కొన్నాళ్లకే కోడళ్లంతా ఏకమై దాన్ని పొయ్యిలో పెట్టారు. పొయ్యిలో కూడా అది "ఇన్ని కట్టెలెందుకే, దుబారా!" అని సణుగుతూనే కాలింది. ఇక అన్నిటికంటే పెద్ద బొమ్మ చివరిది. పిడుగు పడి ఆకాశం బీటవారితే కేతోజు నిచ్చెన వేసుకుని ఎక్కి, దానికి చీల కొట్టి వచ్చాడు. ప్రతి బొమ్మలోనూ అతనికి చెవులదాకా మెలితిరిగిన మీసాలుండేవి.

"ఎందుకే ఈ కోతలు? నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను," అని కేతోజు మొత్తుకునేవాడు.

"కోతలేమిటయ్యా! నువ్వు చెయ్యబోయేవే నేను కాస్త ముందుగా చెబుతున్నా," అని మైలమ నవ్వేసేది.

జనం విని నవ్వి, పిడికెడు గింజలు పోసి ఇళ్లకు పోయేవారు. నమ్మినవాడు ఒక్కడే, కరాళమౌళి. అద్భుతాలు చేసేవాడికి అద్భుతాలు నమ్మడం కష్టం కాదు గదా! ఒకనాటి సంతలో ఆ పటం చూశాడు. మర్నాడు పొద్దున్నే సుడిగాలి వచ్చి మైలమను గడ్డిపోచలా ఎత్తుకుపోయింది. ఎందుకు ఎత్తుకుపోయాడో, ఆమెతో వాడికేం పనో ఎవరికీ అంతుబట్టలేదు.

కేతోజు ఏడుస్తూ రాజసభకు వెళ్లి కాళ్లమీద పడ్డాడు. మహారాజు ప్రతాపకేసరి ఫక్కున నవ్వాడు. "ఆకాశానికి చీల కొట్టినవాడివి, నీకు మా సైన్యమెందుకయ్యా! వెళ్లు, వెళ్లి ఆ మాంత్రికుడికి కూడా ఒకటి కొట్టి రా," అన్నాడు. సభంతా గొల్లుమంది. ఊరివాళ్లు హారతిచ్చి, మెడలో బంతిపూల దండ వేసి, పొలిమేరదాకా మేళంతో సాగనంపారు. ఒక్కడంటే ఒక్కడు వెంట రాలేదు. పొలిమేర దాటాక కేతోజు ఆ దండ తీసి ముళ్లకంప మీద వేసి, కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పెళ్లాం సరదాకు చెప్పిన అబద్ధాలు ఇప్పుడు దానికే ఉరితాడయ్యాయని అతని గోడు.

సరే, ఏడ్చి లాభమేముంది? లేచి నడిచాడు, వేషం కట్టాడు, కొండ ఎక్కాడు.

సగం కొండ ఎక్కేసరికి ఎముకల వంతెన ఎదురైంది. కింద అడుగు కనిపించని అగాధం. వంతెనకు అటొకటి ఇటొకటి రాతి రాబందులు కూర్చుని ఉన్నాయి. గుండె కొట్టుకునే ప్రాణి ఏదైనా వంతెన మీద కాలు పెడితే, ఆ చప్పుడు విని అవి రెక్కలు విప్పుతాయి. కేతోజు గుండె అప్పటికే డప్పులా మోగుతోంది. అతను బండచాటున నక్కి, నడుముకట్టులోంచి చిన్న కొయ్యకప్పను తీశాడు. పెళ్లైన కొత్తలో మైలమ కోసం చేసిన బొమ్మ అది. లోపల నరం చుట్టి వదిలితే టకటకమంటూ గెంతుతుంది. దాన్ని కళ్లకద్దుకుని, నరం బిగించి వంతెన మీద వదిలాడు.

కప్ప టకటకమంటూ గెంతింది. రాబందులు రెండూ ఒక్కసారిగా దాని మీద దూకాయి. రాయికి రాయి తగిలి నిప్పులు రాలాయి. ఒకదాని ముక్కు ఒకదాని రెక్కలో ఇరుక్కుంది. కప్ప మూడో గెంతుకు అంచు దాటింది, దాని వెంట ఆ రెండూ పెనుగులాడుతూ అగాధంలోకి పోయాయి. కేతోజు వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. అతని చివరి అడుగు అవతలి గట్టున పడిందో లేదో, వంతెన పటపటా విరిగి కిందికి జారిపోయింది. మైలమే ఉంటే కప్ప నోరు తెరిచి రాబందులను మింగినట్టు గీసేది. కేతోజుకు మాత్రం తిరిగి వెళ్లే దారి పోయిందన్న సంగతి ఒక్కటే కనిపించింది.

వంతెన దాటాక కుతకుత ఉడికే గంధకపు మడుగు. కిందినుంచి మోసుకొచ్చిన వెదుళ్లతో ఎత్తుగా మరగాళ్లు కట్టుకుని దాన్ని దాటాడు. నడిమధ్యలో ఒక వెదురు భగ్గుమంది. ఒంటికాలి మీద కుంటుకుంటూ గట్టున పడ్డాడు, ఎడమ అరికాలు బొబ్బలెక్కింది. ఆ కాలు ఈడ్చుకుంటూనే కోట వాకిలి చేరాడు.

కోటకు ఉన్నది ఒకే ఒక తలుపు. అది ఏనాటి మహాపనివాళ్లు పోతపోసినదో! గోడంత మందం ఇనుము. దాని మీద విచ్చుకున్న పద్మాలు, పద్మాల నడుమ హంసల బారు, హంసల ముక్కుల్లో తామరతూళ్లు. ఇన్ని యుగాల పొగకూ ఒక్క రేకు కూడా చెక్కుచెదరలేదు. కాని తలుపు పూర్తిగా మూసుకోలేదు. ముంజేయి పట్టేంత సందు మిగిలి, అలాగే బిగుసుకుపోయింది.

తలుపు పక్కన రాగి గొలుసుతో కట్టేసిన ముసలివాడు ఒకడు కూర్చున్నాడు. ఒంటికన్ను, మోకాళ్లదాకా గడ్డం. పేరు బాడన్న.

"పాములోడివా? ఇక్కడ పాములకేం కొదవ లేదు గాని, వచ్చిన దారినే పో నాయనా," అన్నాడు వాడు.

కేతోజు అతని పక్కన చతికిలపడి గొంతు తగ్గించాడు. "తాతా, లోపలికి ఒక ఆడమనిషిని తెచ్చారు. బొమ్మలు గీస్తుంది. ఉందా?"

బాడన్న కన్ను తిప్పి అతన్ని ఎగాదిగా చూశాడు. "నీ మనిషా? ఉంది, బతికే ఉంది. గొంతు లేదంతే. ఏదీ ఓ కథ చెప్పవే అన్నాడు వాడు. వాడి మీదే చెప్పింది తల్లి! మాంత్రికుడు కోతిని చెయ్యబోయి తానే కోతై, తోక ఎక్కడ దాచుకోవాలో తెలియక రాజుగారి గొడుగుకు చుట్టుకున్నాడంట. నాకు నవ్వాగలేదు. వాడికి ఒళ్లు మండి, గొంతు లాగేసి సీసాలో పెట్టి బిరడా కొట్టాడు."

కేతోజుకు నవ్వు రాబోయి ఏడుపైంది.

"ఈ తలుపు కాస్త జరిపితే బయటికి వచ్చేస్తుంది గదా తాతా?"

"జరుపు చూద్దాం. వేలు పెడితే చాలు, కొండంతా దద్దరిల్లేలా అరుస్తుంది. రాత్రంతా హోమాలు చేసి వాడు ఇప్పుడే కునుకు తీస్తున్నాడు. వాడి నిద్ర చెడగొట్టినవాళ్లు అదుగో, వాళ్లు," అని బాడన్న గడ్డంతో వాకిలి చూపించాడు.

వాకిలి నిండా రాతిమనుషులు. ఒకడు తలుపుకు భుజం ఆనించి, ఇంకొకడు కత్తి సగం దూసి, ఒక ముసలమ్మ దండం పెడుతూ రాయైపోయారు.

కేతోజు సందులోంచి లోపలికి చూశాడు. చీకటి మండపంలో, గోడవారన మైలమ. జుట్టు చింపిరి, మొహం పీక్కుపోయింది, వేళ్లకు బొగ్గుమసి. ఆమె కూడా అతన్ని చూసింది. పరుగున వచ్చి సందులోంచి చెయ్యి చాచి, బూడిద పూసుకున్న ఆ మొహాన్ని తడిమింది, పలచని మీసాన్ని తడిమింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినదానిలా అతని ఛాతీ మీద చెయ్యి పెట్టి గట్టిగా వెనక్కి తోసింది.

"నేనేనే, గుర్తుపట్టలేదా? భయపడకు. నిన్ను తీసుకుపోకుండా కదలను," అన్నాడు కేతోజు.

ఆమె తల అడ్డంగా ఊపి, బొగ్గుముక్క తీసి ఎదుటి గోడమీద గబగబా గీసింది. మూసుకుపోయిన తలుపు. లోపల ఒక ఆడది. బయట ఒక మగవాడు, నోరు తెరిచి ఏడుస్తూ.

కేతోజు చూశాడు. బొమ్మలో మగవాడికి మీసాలు పలచగా, ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. తొందరలో గీసింది గదా అనుకున్నాడు. కన్నీళ్ల మధ్యే చిన్నగా నవ్వాడు.

"చావుబతుకుల మధ్య కూడా నీ కోతలు మానవా? మూసుకోనిస్తానా! ఈ చేతులు ఎందుకున్నాయి?"

మైలమ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. అతను అప్పటికే తల ఎత్తి తలుపు పైభాగం చూస్తున్నాడు.

ఓజుల ఇళ్లలో ఉలి పట్టించే రోజున ఒక ప్రమాణం చేయిస్తారు, చెడిపోయిన మర కంటబడితే బాగుచేయకుండా దాటిపోనని. ఆ ప్రమాణం కోసం కేతోజు పెళ్లినాడు కూడా దారిలో విరిగిన బండి ఇరుసు దగ్గర ఆగిపోయాడు. ముహూర్తం మించిపోతుంటే పెళ్లికూతురే వెతుక్కుంటూ వచ్చి, బాసికంతోనే ఇరుసు రెండో కొస పట్టుకుంది. పనిలో పడ్డ ఓజుకు ఆలి అడ్డొచ్చినా కనబడదని మైలమ ఆ రోజునుంచీ దెప్పేది.

తలుపు రోగం అతనికి వెంటనే తెలిసిపోయింది. తలుపు తిరిగే ఇరుసు ఎండి తుప్పుపట్టింది, అరుపు అక్కడిది. పైన పెద్ద కప్పీ ఉంది. దాని మీదుగా పోవలసిన గొలుసు పక్కకు జారి ఇరుక్కుంది. గొలుసు కొసన ఒక బండ పక్కనున్న లోతైన గోతిలోకి వేలాడుతోంది. కప్పీని పట్టి ఉంచే చీల ఎప్పుడో ఊడి పడిపోయింది. గొలుసును గాడిలో పెట్టి చీల కొడితే, బండ బరువుకు తలుపు దానంతట అదే జరుగుతుంది. జరిగితే తెరుచుకుంటుంది. కేతోజు అలాగే అనుకున్నాడు. బండ బరువు తలుపును ఎటు లాగుతుందో గోతిలోకి ఒక్కసారి వంగి చూస్తే తెలిసేది. ఏ కొత్తవాడైనా చూసేవాడే. కాని అంతటి మహాపనివాళ్ల పని ముందు నిలబడేసరికి అతని చేతులకు దాహం పుట్టింది.

ఇరుసు మీద ఆముదం ధారగా పోశాడు. వేలికొసతో తడిమి, తుప్పు గీకి, మళ్లీ పోశాడు. గోడ పగుళ్లలో కాలివేళ్లు దూర్చి పైకి ఎగబాకాడు. బొబ్బలెక్కిన కాలు చిట్లి రక్తం కారింది, గమనించలేదు. పట్టకారుతో గొలుసును కొంచెం కొంచెంగా జరిపి గాడిలో కూర్చోబెట్టాడు. అంత గొలుసూ కిక్కురుమనలేదు. కొండదారి పొడుగునా మొహంలో ఉన్న దిగులు ఆ కాసేపూ ఎటుపోయిందో! కింద బాడన్న కన్నార్పకుండా చూస్తున్నాడు. ఏదో అనబోయాడు, మింగేశాడు.

చీలకు సరిపడే ఇనుము లేదు. కేతోజు క్షణం ఆలోచించి, తండ్రి ఇచ్చిన ఉలినే రంధ్రంలో పెట్టాడు. కొలిచి పోతపోసినట్టు సరిపోయింది. సుత్తి ఎత్తాడు.

సందులోంచి మైలమ చెయ్యి చాచి అతని కాలి మడమను పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుని కిందికి లాగింది.

అతను కిందికి దిగి, ఆ చేతిని విడిపించి కళ్లకద్దుకున్నాడు. "చెయ్యి లోపలికి తీసుకోవే. తలుపు కదిలితే నలుగుతుంది," అన్నాడు మెల్లగా. తానే ఆ చేతిని జాగ్రత్తగా సందులోంచి లోపలికి పెట్టాడు. మళ్లీ పైకెక్కి, సుత్తికి గుడ్డ చుట్టి, ఒక్క దెబ్బకు ఉలిని దిగ్గొట్టాడు.

గోతిలో బండ కదిలింది. కప్పీ తిరిగింది. యుగాలుగా అరిచిన తలుపు ఆనాడు చప్పుడన్నది లేకుండా, మీగడ కట్టినంత నెమ్మదిగా జరిగింది. చూస్తున్న కేతోజు కళ్లలో ఆనందం ఇంకా ఆరనేలేదు. సందు వెడల్పు కావడం లేదు. బెత్తెడైంది, బెత్తెడు కాస్తా వేలంతైంది. ఆ వేలెడు వెలుతురులో మైలమ కన్ను ఒకటి కనిపించింది. తరువాత పద్మాలు పద్మాల్లో, హంసలు హంసల్లో కలిసిపోయాయి. అతుకు ఎక్కడుందో కూడా తెలియకుండా తలుపు మూసుకుంది.

"మైలమా!"

లోపలినుంచి పెద్ద నవ్వు వినిపించింది. ఆవలింతలు, నిద్రమత్తు లేని నవ్వు. కరాళమౌళి గొంతు కోటంతా మోగింది. "భేష్ ఓజూ, భేష్! ఇనుముకు మంత్రం అంటదు. ఈ తలుపు ముందు నా విద్యలన్నీ తలవంచుకున్నాయి. ఇది మూసుకున్న కోటలోకి యముడు కూడా అడుగు పెట్టలేడు. నాకిక చావు లేదు. నీ పెళ్లానికీ లేదు. యుగాలు గడిచినా నా పాదాల దగ్గర బొమ్మలు గీస్తూనే ఉంటుంది!"

చావొస్తేనైనా వదిలే చెర అది. ఆ చావుకు కూడా తలుపు బిగించాడు కేతోజు, తన చేతులతో, తన ఉలితో. అతను తలుపు మీద పడి పిడికిళ్లు పగిలేదాకా బాదాడు. ఉలిని ఊడబీకబోయాడు, అది ఇనుములో ఇనుమై కూర్చుంది. ఎక్కడైనా చిన్న లోపం దొరక్కపోతుందా అని వేళ్లతో అంచంచూ వెతికాడు. గోటి మొన దూరే చోటు లేదు. జన్మలో ఎన్నడూ ఇంత బాగా పని చెయ్యలేదు. ఆ చేతులను నరికి పారేసుకోవాలనిపించింది.

వెనక ఖణేలుమంది. బాడన్న కాలిగొలుసు తెగి పడింది. ముసలివాడు లేచి నిలబడలేక, అక్కడే కూలి, మొహం కప్పుకున్నాడు.

"తలుపు మూసుకున్న రోజున నన్ను వదిలేస్తానన్నాడు నాయనా. ఓజును రప్పిస్తా, నోరు మూసుకుని కూర్చో అన్నాడు. ఆ తల్లి దగ్గర కూడా అన్నీ వాగాడు, గొంతు లేనిది ఎవరికి చెబుతుందిలే అని. ఊళ్లో నాకు మనవరాలుంది. నన్ను తిట్టు నాయనా. కొట్టు."

"నిన్నెందుకు తిడతాను తాతా?" అన్నాడు కేతోజు. "అది చెబుతూనే ఉంది. బొమ్మ గీసి మరీ చెప్పింది. ఇన్నేళ్లలో ఒక్క నిజం గీస్తే, అదే కోత అనుకున్నాను."

కొండ కదిలింది. తలుపు మూసుకోగానే నెర్రెల్లోని నీలిమంటలు గోడలెత్తు లేచాయి. వాకిట్లో రాతిమనుషులు ఒక్కొక్కరే ఒరిగి పడుతున్నారు. "పారిపో నాయనా, పడమటి మెట్లున్నాయి!" అని బాడన్న అతని చెయ్యి లాగాడు.

కేతోజు కదలలేదు. గోతిలోకి చూస్తున్నాడు. బండ కనుచూపు దాటి పోయింది, గొలుసు చీకట్లోకి నిలువునా బిగుసుకుని ఉంది.

"ఈ గొయ్యి ఎక్కడికి పోతుంది?"

"కోట అడుక్కి. అక్కడ నిప్పుల ఏరు పారుతోందంటారు. దిగినవాడెవడూ తిరిగొచ్చి చెప్పలేదు. వద్దు నాయనా!"

కేతోజు తలుపుకు చెవి ఆనించాడు. ఇనుము చల్లగా ఉంది. మొదట ఏమీ వినిపించలేదు. తరువాత, అవతలివైపు, సరిగ్గా తన చెంప ఆనినచోట, బొగ్గు గీస్తున్న చప్పుడు. ఆమె తలుపు మీదే ఏదో గీస్తోంది. ఏం గీస్తోందో అతనికి కనిపించదు. తిడుతోందో, జాగ్రత్త చెబుతోందో, మళ్లీ ఆ పొడుగుమీసాలే పెడుతోందో! అతను కళ్లు మూసుకుని ఒక్కో గీతా విన్నాడు. పొడుగుగీత, వంపు, మళ్లీ పొడుగుగీత. ఏ బొమ్మా కుదరలేదు.

లోపల బరువైన పాదుకలు దగ్గరికి వస్తున్నాయి. గీత సగంలో ఆగిపోయింది.

కేతోజు ఆమె మిగతా సగం గీస్తుందేమోనని చెవి తీయకుండా ఎదురుచూశాడు. గీయలేదు. అతను సుత్తిని పళ్లతో కరిచి పట్టుకుని, చీకట్లోకి దిగిన గొలుసు అందుకుని గోతిలోకి జారాడు. గొలుసు అప్పటికే వేడెక్కుతోంది.